పొరుగువారితో తగాదాలు: లేవు

ఇల్లు అమ్మేటప్పుడు నింపాల్సిన ఫారంలో మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, పక్కింటివాళ్ళ గురించి అడిగే ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. పొరుగువారితో తగాదాలు ఉన్నాయా, ఎవరిమీదైనా ఫిర్యాదు చేశారా, ముందుముందు తగాదాకి దారితీసే సంగతి ఏదైనా మీకు తెలుసా అని అడుగుతారు. ఇల్లు అమ్మేవాడు నిజం రాయాలి. అబద్ధం రాస్తే, ఇల్లు చేతులు మారాక కూడా కొన్నవాళ్ళు కోర్టుకి లాగొచ్చు. నిజం రాస్తే అసలు కొనేవాళ్ళే మిగలరు. అందుకని మా వీధివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ఫిర్యాదే చెయ్యకపోతే రాయడానికి ఏమీ ఉండదు కదా!

మా వరసలో నాలుగో ఇంటి నార్మన్ గిబ్బిన్స్ ఆ ఉపాయం తెలియక చెడ్డాడు. పక్కింటి కుర్రాడి డ్రమ్ముల మోత భరించలేక కౌన్సిల్‌కి ఉత్తరం రాశాడు. తర్వాత ఇల్లు అమ్మబోతే ఆ ఉత్తరం సంగతి ఫారంలో రాయాల్సొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయారు. పాపం, ఇప్పటికీ అక్కడే కూర్చుని ఆ డ్రమ్ములే వింటున్నాడు. అది చూసి మా వీధి వీధంతా నోటికి తాళం వేసుకుంది. పక్కింటివాడి కుక్క మన పూలమొక్కలన్నీ పీకేసినా, పొద్దున్నే ఎదురుపడితే "ఇవాళ ఎండ బాగా కాసిందండీ" అని పలకరించి లోపలికొచ్చి పళ్ళు కొరుక్కోవడమే.

నా పేరు లెస్ ప్యాక్‌వుడ్. ఇంగ్లండులో కెటరింగ్ అనే ఊళ్ళో బూట్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో తోలు కోసేవాణ్ణి. మా ఆవిడ గ్లెండాకి నరాల జబ్బు. కాళ్ళు మొత్తానికే పోయాయి. మాది గోడకి గోడ ఆనించి కట్టిన వరస ఇళ్ళలో ఒకటి, స్నానాల గది మేడ మీద. మూడేళ్ళపాటు గ్లెండాని వీపున వేసుకుని ఆ ఇరుకు మెట్లు ఎక్కించాను, దించాను. పోయిన చలికాలంలో నాలుగో మెట్టు మీద నా మోకాలు మడత పడింది. ఇద్దరం కలిసి దొర్లాం. నాకు చెయ్యి గీరుకుంది, దానికి భుజం ఎముక విరిగింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా పడితే ఆవిడ బతకదు, మెట్లున్న ఇంట్లో ఉండకండి అని మొహమ్మీదే చెప్పాడు.

పక్క ఊరు బర్టన్ లాటిమర్‌లో మెట్లులేని ఇల్లొకటి దొరికింది. తలుపులు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు, స్నానాల గది మంచం పక్కనే. దాన్ని అమ్మే పెద్దాయన హాలిస్, భార్య పోయి ఒంటరిగా ఉన్నాడు. మా ఇల్లు అమ్ముడైతే గానీ మేం ఆయనది కొనలేం. వసంతంలో మా ఇంటికి బేరం కుదిరింది, మూడు నెలలు తిప్పి కొనేవాళ్ళు జారుకున్నారు. మా దేశంలో అది మామూలే. సంతకాలు పెట్టిన ఒప్పందాలు చేతులు మారేదాకా ఎవడి మాటా మాట కాదు. హాలిస్ ఫోన్ చేసి, "ఇంకోసారి ఇలా అయితే నేను ఆగలేను లెస్, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను, ఏమనుకోకు," అన్నాడు. ఏమనుకోను? ఆయన మాత్రం ఎన్నాళ్ళాగుతాడు?

ఇక పక్కింటి సంగతి. డీన్ క్లిప్‌స్టన్ టైర్ల దుకాణంలో పని చేసేవాడు. నలభై ఏళ్ళుంటాయి, బలంగా ఉంటాడు, నవ్వుమొహం. మా చెత్తడబ్బాలు అడక్కుండానే లోపలికి తెచ్చిపెట్టేవాడు. భార్య లొరెయిన్ జుట్టు కత్తిరించే దుకాణంలో చేసేది. ప్రతి గురువారం సాయంత్రం వచ్చి మా వంటింట్లో గ్లెండాకి తలంటి పోసేది, చిల్లిగవ్వ పుచ్చుకునేది కాదు.

గ్లెండా మంచాన్ని కింది అంతస్తు ముందు గదిలో, రెండిళ్ళకీ ఉమ్మడి గోడ పక్కన వేశాను. గొడవ ఎక్కువగా ఆదివారాలే. ముందు డీన్ గొంతు వినిపించేది, తర్వాత గోడకి ఏదో తగిలిన చప్పుడు, తర్వాత ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడానికే గ్లెండా ఎక్కువ భయపడేది. గోడ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయేది.

ఒక గురువారం తల తుడుస్తుంటే గ్లెండా లొరెయిన్ మెడ చూసింది.

"అదేంటే తల్లీ, అక్కడ నల్లగా?"

"ఏం లేదు గ్లెండా ఆంటీ, కబోర్డు తలుపు తగిలింది."

"మీ ఇంట్లో కబోర్డులకి వేళ్ళు కూడా ఉన్నాయా?"

లొరెయిన్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. నేను టీ కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఎటు చూడాలో తెలియలేదు.

"డీన్‌ని వదిలేస్తాను ఆంటీ," అంది చివరికి. "ఒక లాయరమ్మని కలిశాను. నేనొక్కదాన్నే చెబితే, వాడేమో అలాంటిదేం లేదంటాడు. గోడవతల ఎవరైనా విన్నామని చెబితే కోర్టు వాణ్ణి ఇంట్లోంచి పొమ్మంటుందట. మీకు వినబడుతుంది కదా? ఎవరైనా వచ్చి అడిగితే చెబుతారా?"

"చెబుతాం తల్లీ. ఇద్దరం చెబుతాం," అంది గ్లెండా.

లొరెయిన్ నా వంక చూసింది. నేను టీలో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగాను.

మర్నాడు మా ఇంటి వ్యవహారం చూసే లాయరు జూడిత్ మార్ల్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నిదానంగా, ఒక్కో మాటా తూచి మాట్లాడే మనిషి.

"నా స్నేహితుడొకడు అడగమన్నాడండీ," అన్నాను.

"మీ స్నేహితుడు కూడా ఇల్లు అమ్ముతున్నారా, ప్యాక్‌వుడ్ గారూ?"

"ఆఁ, అలాంటిదే. పక్కింట్లో మొగుడూ పెళ్ళాల గొడవలు వినిపిస్తాయట. ఎవరికీ ఫిర్యాదు మాత్రం చెయ్యలేదు. ఫారంలో రాయాలా?"

"ఫారం అడిగేది ఫిర్యాదు చేశారా అని ఒక్కటే కాదండీ. తగాదాకి దారితీసేది తెలుసా అని కూడా అడుగుతుంది. తెలిస్తే రాయమనండి. తెలిసి దాచారని తర్వాత తేలితే, ఆ ఇల్లు కొన్నవాళ్ళు నష్టం కట్టమంటారు. కొత్తిల్లు అమ్ముకునైనా కట్టాల్సి రావచ్చు."

"రాస్తే?"

"రాస్తే కొనేవాళ్ళు మానుకోవచ్చు. అది వాళ్ళిష్టం."

"మరి ఫిర్యాదే లేకపోతే, తెలుసని రుజువు ఎక్కడుంటుందండీ?"



"ఆ ప్రశ్న మీ స్నేహితుణ్ణి ఇంకెవరినీ అడగొద్దనండి," అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ చెప్పాల్సింది చెప్పింది. అందులో నాకు పనికొచ్చేది మాత్రమే నా చెవికెక్కింది. ఆ సాయంత్రం ఫారం ముందేసుకుని, తగాదాలు లేవు అని రాశాను. తగాదాకి దారితీసేవి తెలియవు అని రాశాను. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి గ్లెండా కూడా సంతకం పెట్టాలి. అది చదివి కళ్ళద్దాలు తీసింది.

"ఇదేంటి లెస్? మరి లొరెయిన్ సంగతో?"

"ఇది ఇంటి ఫారమే, లొరెయిన్ ఫారం కాదు. మనకి డీన్‌తో తగాదా ఉందా? లేదు. చెత్తడబ్బాలు తెచ్చిపెడతాడు, అంతేగా."

"మాటలతో నన్ను తిప్పకు."

"సరే, నిజం రాద్దాం. కొనేవాళ్ళు పారిపోతారు. హాలిస్ ఇల్లు ఇంకెవడికో పోతుంది. నిన్ను మళ్ళీ వీపున వేసుకుని ఆ మెట్లు ఎక్కుతాను. ఎన్నాళ్ళెక్కుతానో అదీ చూద్దాం."

అలా అనడం నీచం. అని ఉండాల్సింది కాదు. అయినా అన్నాను, అది పనిచేసింది. గ్లెండా వంకరటింకరగా సంతకం పెట్టింది. "తాళాలిచ్చేసిన రోజే పోలీసులకి అంతా చెబుతాను, నువ్వు అడ్డం రాకూడదు," అంది. సరేనన్నాను.

కొనేవాళ్ళు ఒక కుర్ర జంట, టోబీ, కిరా. కిరా కడుపుతో ఉంది, ఆరో నెల. ముందు గది ఉయ్యాలకి బాగుంటుందని మురిసిపోయింది. ఉమ్మడి గోడ తట్టి చూసి, "పక్కవాళ్ళెలాంటివాళ్ళండీ?" అని అడిగింది. "బంగారంలాంటివాళ్ళు," అన్నాను. నాలుక తడబడను కూడా లేదు.

ఒప్పందాలు చేతులు మారడానికి మంగళవారం ఖాయమైంది. దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గోడవతల మొదలైంది. ఓవెన్‌లో మాంసం ఉంది, ఆలుగడ్డలు ఉన్నాయి. ఆరోజు గొడవ తొందరగా ఆగలేదు. లొరెయిన్ గొంతు విన్నాం. ఎప్పుడూ అరవని పిల్ల అరిచింది.

"లెస్, పోలీసులకి ఫోన్ చెయ్యి," అంది గ్లెండా.

"ఎల్లుండే కదా సంతకాలు. ఇప్పుడు పోలీసు కారు పక్కింటి ముందు ఆగిందంటే మన పని గోవిందా. రెండ్రోజులు ఓర్చుకో."

"రెండ్రోజులు ఓర్చుకోవాల్సింది నేను కాదు లెస్, అది!"

టీవీలో ఏదో తోటల కార్యక్రమం వస్తోంది. దాని గొంతు పెంచాను. ఆలుగడ్డలు వేగాయో లేదో చూస్తానని వంటింట్లోకి పోయాను. ఓవెన్ తలుపు తీసి, అక్కడే వంగి, ఆ వేడి మొహానికి కొడుతున్నా కదలకుండా ఉండిపోయాను. ముందు గదిలోంచి గ్లెండా పిడికిలితో గోడ గుద్దుతున్న చప్పుడు వినబడింది. ఆ చేతిలో బలమేదీ, పిల్లి గోకినట్టుంది. కాసేపటికి అవతల అంతా ఆగిపోయింది.

ఐదింటికి అంబులెన్సు వచ్చింది. లొరెయిన్ మెట్ల మీంచి పడిందన్నారు. వాళ్ళొచ్చేసరికే ప్రాణం పోయింది. డీన్ పేవ్‌మెంటు మీద కూలబడి, తల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వీధిలోవాళ్ళు టీ కప్పులు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. నేనూ ఒకటి తీసికెళ్ళాను. ఇది చెప్పకుండా దాచేయొచ్చు, కానీ తీసికెళ్ళాను.

సోమవారం గ్లెండాని సూదిమందుకి ఆసుపత్రి బండిలో తీసుకుపోయారు. అది లేనప్పుడే ఒక పోలీసు పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. చిన్న వయసు, మర్యాదగా టోపీ తీసి చంకలో పెట్టుకుంది.

"నిన్న మధ్యాహ్నం పక్కింట్లోంచి ఏమైనా వినిపించిందా సార్?"

"లేదమ్మా. టీవీ పెట్టుకున్నాం."

"అంతకుముందెప్పుడైనా? అరుపులు, కొట్లాటలు?"

ఆ పిల్ల కలం ఎత్తి పట్టుకుని నా వంకే చూస్తోంది.  విన్నామంటే ఆ మాట కాగితం మీదికెక్కుతుంది. మేం సంతకాలు పెట్టిన ఫారం అబద్ధమని ఆ కాగితమే చెబుతుంది. తెల్లవారితే మంగళవారం.

"లేదమ్మా. చాలా నెమ్మదైన మనుషులు."

"మీ ఆవిడేమైనా విన్నారేమో?"

"జబ్బు మనిషమ్మా. ఆవిడకేం తెలియదు."

సాయంత్రం గ్లెండా రాగానే అడిగింది, పోలీసులొచ్చారా అని. వచ్చారన్నాను.

"చెప్పావా?"

"చెప్పాను. మొదట్నుంచీ అంతా చెప్పాను. మొత్తం రాసుకుంది."

గ్లెండా నా చెయ్యి అందుకుని పెదాలకి ఆనించుకుంది. "ఇల్లు పోతే పోయింది లెస్," అంది. "పిల్లని బతికించుకోలేకపోయాం. ఇచ్చిన మాటైనా నిలబెట్టుకున్నాం." ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. ఫారం విషయం పోలీసులు బయటపెట్టరులే, ఇల్లు ఎక్కడికీ పోదు అని ఇంకో అబద్ధం ఆడాను. నలభై నాలుగేళ్ళ కాపురంలో నా మాట మీద దానికి అనుమానం రాలేదు, ఆ రోజూ రాలేదు.

మంగళవారం ఒప్పందాలు చేతులు మారాయి. ఇక ఎవరూ వెనక్కి పోలేరు. మరో రెండు వారాలకి తాళాలిచ్చే రోజు వచ్చింది. సామాను లారీలోకి ఎక్కించాం. పన్నెండున్నరకి టోబీ, కిరా నవ్వుకుంటూ వచ్చేశారు. నేను తాళాలు వాళ్ళ చేతిలో పెట్టాను. ఇక గ్లెండాని కుర్చీతో సహా గుమ్మం ముందున్న రెండు మెట్లూ దించి టాక్సీ ఎక్కించడమే మిగిలింది. లారీవాళ్ళు మంచం విప్పే పనిలో ఉన్నారు. నేనొక్కణ్ణీ అవస్థ పడుతుంటే పక్కింటి తలుపు తెరుచుకుంది.

"ఆగండాగండి పెద్దాయనా, మోకాళ్ళు విరగ్గొట్టుకుంటారు," అంటూ డీన్ గబగబా వచ్చి కుర్చీని అవతలి వైపు ఎత్తి పట్టుకున్నాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా మాత్రం ఇస్త్రీది. గ్లెండా వాడి మొహం చూడలేదు. కుర్చీని పట్టుకున్న వాడి వేళ్ళే చూస్తోంది.

మొదటి మెట్టు దిగాం. డీన్ నా వైపు వంగాడు.

"మీ మేలు మర్చిపోను పెద్దాయనా. పోలీసులే చెప్పారు, పక్కవాళ్ళు ఏనాడూ ఏ చప్పుడూ వినలేదన్నారని. జనం ఏవేవో కూస్తుంటే ఆ ఒక్క మాటే నన్ను నిలబెట్టింది."

నా చేతుల్లో కుర్చీ బరువు రెట్టింపైనట్టనిపించింది.

"ఏమంటున్నాడు లెస్?" అంది గ్లెండా.

"పద పద, టాక్సీ ఆగి ఉంది."

"నన్ను కింద పెట్టండి."

"గ్లెండా, నీకు పుణ్యముంటుంది..."

"కింద పెట్టమంటున్నానా!"

దించాం. దాని మొహం చూశాను. అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు, మెట్ల మీంచి పడ్డ రోజున కూడా. అది నన్ను వదిలేసి, పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడ్డ కిరా వైపు తిరిగింది.

"చూడమ్మా, ఆ గోడ పల్చన. అవతల ఇతను పెళ్ళాన్ని కొట్టేవాడు. ఏడాదిన్నర విన్నాం. మొన్న ఆ పిల్ల చచ్చిపోయిన ఆదివారమూ విన్నాం. విని ఊరుకున్నాం. ఫారంలో లేదని రాశాం, నేనూ సంతకం పెట్టాను. నువ్వు మాత్రం వింటే ఊరుకోకు."

కిరా తాళాల గుత్తి కింద పడేసింది. టోబీ నా వంక తిరిగి, "బంగారంలాంటివాళ్ళన్నారు కదండీ మీరు!" అన్నాడు. నేను వంగి తాళాల గుత్తి ఏరాను. డీన్ మాత్రం తొణకలేదు, బెణకలేదు. జాలిగా నవ్వాడు.

"ఏమనుకోకండి. ఆంటీకి ఒంట్లో బాగాలేదు కదా. బలమైన మాత్రలు. ఏవేవో వినిపిస్తాయి పాపం."

టాక్సీలో బర్టన్ లాటిమర్ చేరేదాకా గ్లెండా కిటికీ వైపే చూసింది. నేను చెప్పిందేదీ దానికి పట్టలేదు. ఆ సాయంత్రమే లారీవాణ్ణి పిలిచి పోలీసులకి ఫోన్ చేయించింది, నన్ను అడగలేదు.

శుక్రవారం ఆ పోలీసు పిల్లే కొత్తింటికి వచ్చింది. అదే రోజు పొద్దున్న టోబీవాళ్ళ లాయరు ఉత్తరం కూడా వచ్చింది. మీరు తెలిసీ దాచారని నమ్ముతున్నాం, నష్టపరిహారం సంగతి ఆలోచిస్తున్నాం అని. వెంటనే జూడిత్ మార్ల్‌కి ఫోన్ చేశాను. "ఇంతవరకూ ఉన్నది మీ ఆవిడ నోటిమాట ఒక్కటే," అంది. "మీరు కూడా విన్నామంటే, వాళ్ళ కేసు నిలబడ్డట్టే. ఏం చెప్పమని నేను చెప్పను, ప్యాక్‌వుడ్ గారూ. నిజం ఏదో మీకే తెలుసు."

గ్లెండా గంటసేపు చెప్పింది. తారీఖులు చెప్పింది, మెడ మీది మచ్చ చెప్పింది, లొరెయిన్ అడిగిన మాట చెప్పింది, మూడింటి నుంచి ఐదింటి దాకా విన్నదంతా చెప్పింది. ఆ పిల్ల ఓపిగ్గా రాసుకుంది. తర్వాత మంచం పక్కనే నిలబడ్డ నా వైపు తిరిగింది.

"సార్, మీరు ఆ రోజు వేరేలా చెప్పారు. ఇప్పుడేమైనా మార్చుకుంటారా? ఇద్దరూ ఒకే మాట అంటే మేం ముందుకు పోవచ్చు. లేకపోతే కష్టం."

ఆ గదిలో తలుపు ఎంత వెడల్పో! స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి, కూర్చోబెట్టి నీళ్ళు పొయ్యడానికి కుర్చీ ఉంది. ఈ ఇల్లు పోతే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలి? అదే ఆలోచన, అదొక్కటే ఆలోచన. దానికోసమే అనుకున్నాను. ఇప్పటికీ దానికోసమే అనుకుంటాను. గ్లెండా నా వంకే చూస్తోంది. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టు చూస్తోంది.

"ఆవిడ మాత్రలు వేసుకుంటుందమ్మా," అన్నాను. "బలమైనవి. ఏవేవో వినిపిస్తాయి, పాపం."

పోలీసు పిల్ల పుస్తకం మూసింది. వెళుతూ వెళుతూ గ్లెండా దుప్పటి సరిచేసి, "విశ్రాంతి తీసుకోండమ్మా," అంది, జబ్బు మనుషులతో మాట్లాడే గొంతుతో. నాలుగు నెలల తర్వాత లొరెయిన్‌ది ప్రమాదమని తేల్చేశారు. టోబీవాళ్ళ లాయరు కూడా ఇంక ఉత్తరాలు రాయలేదు.

గ్లెండా ఆ శుక్రవారం నా మీద అరవలేదు. నా చేత్తో నీళ్ళు పోయించుకోవడం మాత్రం మానేసింది. దాన్ని చూసుకోవడానికి కౌన్సిల్ నుంచి పొద్దున ఒకావిడ, సాయంత్రం ఒకావిడ వస్తారు. మధ్యలో పక్క తడిసినా సరే, నేను దగ్గరికెళితే కళ్ళు మూసుకుని, వాళ్ళొచ్చేదాకా ఆ తడిలోనే పడుకుని ఉంటుంది.